బట్టీ అంటించమని బతిమాలిన చలికాలం

ఉద్యోగ విరమణకు ముందు నాకు దక్కిన ఆఖరి క్షేత్ర బాధ్యత మదనపల్లెలో. మార్గశిరం మొదట్లో వెళ్లి చేరాను. చలికాలమంతా ఉండి గాలిని కొలవమన్నారు. అప్పటికి గాలి నాణ్యత ప్రయోగశాలలో నేను సీనియర్ అనలిస్టును. ఆ హోదాలో ఉన్నవాళ్లకు ముఖ్యంగా రెండు పనులు ఉంటాయి. కిందివాళ్ల లెక్కలు సరిచూసి సంతకం పెట్టడం ఒకటి, పైవాళ్లకు కలిగిన అనుమానాలకు ఋజువులు వెతకడం మరొకటి. నన్ను పంపింది ఈ రెండో పని మీదే.

అనుమానం ఏమిటంటే, కోస్తాలో మా ప్రధాన కేంద్రం ఉన్న రేవు పట్టణంలో ఏటా చలి ముదిరేసరికి సూక్ష్మ ధూళి పెరుగుతోంది. సూక్ష్మ ధూళి అంటే కంట్లో పడి నలిపించే దుమ్ము కాదు. తల వెంట్రుక మందంలో ముప్పయ్యో వంతుకు మించని రేణువులు. ముక్కులో ఆగవు, నేరుగా ఊపిరితిత్తుల అడుగుకు దిగుతాయి. బరువు లేనందువల్ల రోజుల తరబడి గాలిలోనే తేలుతూ, టికెట్టు కొనకుండా రాష్ట్రాలు దాటతాయి. రేవు పట్టణంలోని ఫ్యాక్టరీలు, లారీలు, పొయ్యిలు అన్నీ లెక్క వేసినా ఆ పెరుగుదలకు సరిపోవడం లేదు. కాబట్టి ఎక్కడో దూరం నుంచి వస్తోంది. ఎక్కడి నుంచి అన్నదే ప్రశ్న.

మా జాయింట్ డైరెక్టరు గారికి ఆ ప్రశ్న అట్టే సేపు మిగల్లేదు. గోడ మీది పటం ముందు నిలబడి పుంగనూరు, చౌడేపల్లెల నుంచి సముద్రం దాకా ఎర్ర పెన్నుతో బాణం గీశారు. అక్కడ ఇటుక బట్టీలున్నాయి, వాటిని చలికాలంలోనే కాలుస్తారు, కాబట్టి పాపం వాటిదే. చలికాలంలో గాలి ఈశాన్యం నుంచి వీస్తుంది కదా, మీ బాణం ఎదురీదుతోందండీ అన్నాను. నేల మీద వీచే గాలి వేరు, పైన వీచే గాలి వేరు అన్నారాయన. అది బొత్తిగా తప్పు కాదు. అందుకే కొలవాలి. అయితే నేను కొలవకముందే ఆదేశం ముసాయిదా తయారై ఫైల్లో కూర్చుంది. నా నివేదిక అవునంటే, ఆ వరుసలోని బట్టీలన్నీ ఏటా చలికాలంలో మూతపడతాయి. పెళ్లి చూపులకు ముందే శుభలేఖలు అచ్చేయించడం మా శాఖలో కొత్త కాదు.

నేను పుట్టింది సముద్రం ఒడ్డున. కోస్తా మనిషిని కాబట్టి కోస్తా మాటే నెగ్గిస్తానని ఆయన నమ్మకం. అదే కారణం మీద బట్టీల వాళ్లకు నా మీద అపనమ్మకం. నేను ఇంకా పెట్టె దింపకముందే రెండు పక్షాలూ నా నివేదిక చదివేసినట్టయింది.

పరికరాన్ని పుంగనూరు నుంచి చౌడేపల్లె పోయే దారిలో ఒక పశువైద్యశాల మిద్దె మీద పెట్టాం. చూడటానికి మూడు కాళ్ల పెట్టె, నెత్తిన బోర్లించిన పళ్లెం లాంటి టోపీ. ఆ టోపీ కింది నుంచి గాలిని రాత్రీ పగలూ ఒకే వేగంతో లోపలికి లాక్కుంటుంది. ముతక దుమ్ము దారిలోనే ఒక పలకకు కొట్టుకుని ఆగిపోతుంది. సూక్ష్మ రేణువులు మాత్రం మలుపు తిరిగి లోపలికి పోయి తెల్లటి వడపోత కాగితం మీద వాలతాయి. కాగితాన్ని ముందొకసారి, తర్వాత ఒకసారి తూస్తే వచ్చే తేడాయే ధూళి బరువు. ఆపైన రసాయన పరీక్ష చేస్తే అది ఎలాంటి మంట నుంచి పుట్టిందో కొంతవరకు తెలుస్తుంది. కట్టెల పొగలో పొటాషియం, మసి ఎక్కువ. బొగ్గు పొగ రోజుల తరబడి గాలిలో ముదిరితే సల్ఫేటు అవుతుంది. పోల్చి చూడటానికి ఇలాంటిదే ఇంకో పరికరాన్ని కుప్పం వైపు, రామకుప్పం దగ్గర పెట్టాం. అక్కడ చుట్టుపక్కల బట్టీలు లేవు.

పశువైద్యశాల అటెండరు రెడ్డెప్ప. మంచివాడు, పరోపకారి. తనకు తెలిసిన ఏ సంగతినీ తన దగ్గరే ఉంచుకోలేని పరోపకారి. పరికరం బిగించిన రోజే దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి అడిగాడు.

"మీరు మదనపల్లెకు ఎలబారితే ఇది గూడా నిద్రపోతాది గదా మేడం?"

నిద్రపోదని, నేను ఉన్నా లేకున్నా దాని పని అది చేస్తూనే ఉంటుందని చెప్పాను. రెడ్డెప్ప ముఖం వాడిపోయింది. ఎందుకో నాకు అప్పుడు అర్థం కాలేదు.

మరుసటి వారం వెళ్లేసరికి ఆ దారి రూపే మారిపోయింది. ఇటుకలు కాల్చే ఋతువు. పుంగనూరు దాటాక కనీసం పదిచోట్ల పొగ లేవాలి. ఒక్కచోటా లేదు. బోర్లు ఎండిపోయాయని ఏడ్చే ఊళ్లో ట్యాంకరు పెట్టి రోడ్డుకు స్నానం చేయించారు. గొర్రెల మందలను కూడా దుమ్ము లేస్తుందని చెరువు వెనక దారికి మళ్లించారు. పశువైద్యశాల ముందు కల్లాపి చల్లి ఉంది. మిద్దె ఎక్కి చూస్తే పరికరం మూడు కాళ్ల చుట్టూ చక్కటి ముగ్గు, దాని టోపీకి తడి గోనెసంచి. గాలి లోపలికి పోయే సందు కూడా లేకుండా బిగించి కట్టారు.

ఇదేమిటని అరిచాను. రెడ్డెప్ప చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"దుమ్ము తగలకుండా కట్టినారు మేడం. పాపం, మిషన్ అయినా దానికీ ఊపిరాడల్ల గదా!"

దుమ్మును కొలిచే మిషన్‌ను దుమ్ము నుంచి కాపాడారు. ఆ కాగితాన్ని లెక్కలోంచి తీసేసి, సంచి విప్పి రెడ్డెప్ప చేతికిచ్చి, ఇంకోసారి ఇది కనిపిస్తే నీ నెత్తికి కడతానని చెప్పి దిగాను. ఆ తర్వాత సంచి రాలేదు. నీళ్లూ ముగ్గూ మాత్రం ఆగలేదు.

దారిలో గంగులమ్మ బట్టీ దగ్గర జీపు ఆపించాను. గంగులమ్మ ఒకప్పుడు పక్కవాళ్ల బట్టీల్లో మట్టి తొక్కి ఇటుకలు కోసిన మనిషి. ఇప్పుడు సొంత బట్టీ. ఇద్దరు కోడళ్లూ నలుగురైదుగురు కూలీల కుటుంబాలూ దాని మీదే బతుకుతున్నాయి. ఆ వరుసలో బట్టీల వాళ్లందరికీ ఆమె మాటంటే గురి. బట్టీ పేర్చి, పైన మట్టి మెత్తి, అడుగున మంట దారుల్లో కట్టెలు కూడా దోపి ఉన్నాయి. అగ్గిపుల్ల ఒక్కటే తక్కువ. పక్కనే ఇంకా పేర్చని పచ్చి ఇటుక పట్టల కింద గుట్టలుగా ఉంది. పచ్చి ఇటుకకు వాన తగిలిందంటే మళ్లీ మన్నే. ఆ సంగతి నాకూ తెలుసు. ఎందుకు కాల్చడం లేదని అడిగాను.

"మూఢం వచ్చిండాదమ్మా."

ఈ నెలలో మూఢం లేదు, నేనూ పంచాంగం చూస్తాను అన్నాను.

"మీకు రాలేదేమో. మా బట్టీకి వచ్చిండాది," అంది ఏమాత్రం తొణక్కుండా. కోడళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

గుట్టు మా డ్రైవరు ఫోనులోంచి బయటపడింది. మస్తాన్‌ది కురబలకోట. అతని బావమరిది ఈ బట్టీల్లోనే ఇటుకలు కోస్తాడు. ఆ చుట్టరికం పుణ్యమా అని ఎవరో అతన్ని కూడా బట్టీల వాళ్ల వాట్సాప్ గ్రూపులో చేర్చారు, జీపు నడిపేది అతనేనన్న సంగతి మరిచి. తరువాతి ప్రయాణంలో పుంగనూరు దాటుతుండగా అతని ఫోనుకు ఆ గ్రూపులో వాయిస్ మెసేజీ వచ్చింది. మస్తాన్ అలవాటు కొద్దీ వేలితో తాకాడు. జీపంతా వినబడేలా రెడ్డెప్ప గొంతు పలికింది.

"అప్పా, మేడం జీపు పుంగనూరు దాటింది. నీళ్లు కొట్టండి, ముగ్గులెయ్యండి. మళ్లా సెప్తాండా, మిషన్ రాత్రిపూట గూడా పట్టుకుంటాది. ఎవురూ అంటించొద్దండి!"

మస్తాన్ స్టీరింగు మీదికి వంగిపోయాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నారని వింటాం. ఇక్కడ ఊరు ఊరంతా కూడబలుక్కుని తడుముకుంటోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. మా పనిలో ఒక నియమం ఉంది. కొలత జరిగే చోట ఎవరైనా పరిస్థితిని మార్చితే ఆ సంగతి నివేదికలో రాసి తీరాలి. నేను రాస్తే జరిగేదేమిటో కూడా తెలుసు. తప్పు లేకపోతే దాచడం దేనికని మా జాయింట్ డైరెక్టరు గారు ఆ ఒక్క వాక్యం మీదే ముసాయిదాకు ప్రాణం పోస్తారు. గంగులమ్మ ఇటుకను కాపాడుకోవడానికి మంట ఆపింది. ఆపినందుకే బట్టీ పోయేలా ఉంది. వాళ్ల మీద కోపం, వాళ్ల గురించి దిగులు రెండూ ఒకేసారి వచ్చాయి.

అదే వారంలో ప్రయోగశాల నుంచి కాగితాల తూకం వచ్చింది. గోనెసంచి కట్టిన రోజుది పక్కన పెట్టి మిగతావి చూశాను. తర్వాత ఇంకోసారి చూశాను. బట్టీలన్నీ చల్లగా ఉన్న ఆ రోజుల్లోనే సూక్ష్మ ధూళి రేవు పట్టణంలో ఎంత పెరిగిందో ఇక్కడా ఇంచుమించు అంతే పెరిగింది. కాగితాలు బూడిద రంగుకు తిరిగాయి. పొటాషియం అంతంతే. సల్ఫేటు మాత్రం నిండా ఉంది.

మదనపల్లె గదిలో ఒక్కదాన్నే పకపకా నవ్వాను. ఒక ప్రాంతంలోని బట్టీలన్నిటినీ ఒకేసారి ఆపించి, ఆగినప్పుడు గాలి ఎలా ఉందో చూడగలిగితే ఆ పరీక్షకు తిరుగుండదు. కానీ ఏ అధికారీ అన్ని బట్టీలను మాట మీద ఆపించలేడు. ఈ ఊళ్లవాళ్లు నన్ను మోసం చేయబోయి, ఆ పరీక్షను ఒక్క పైసా అడక్కుండా నాకు చేసిపెట్టారు. పైగా చాలా క్రమశిక్షణతో చేశారు. రోడ్డుకు కొట్టిన నీళ్లతో ఏమీ ఒరగలేదు. అవి ముతక దుమ్మును అణిచాయి, మా పరికరం దాన్ని ఎలాగూ లోపలికి రానివ్వదు.

అయితే అది సగం పరీక్షే. ఇదే గాలిలో బట్టీలు మండుతున్నప్పుడు కూడా కొలిచి చూపకపోతే, ఆ ఊళ్ల పొగ వల్ల ఎంత తేడా వస్తుందో చెప్పలేను. అంటే ఇప్పుడు వాళ్లు బట్టీలు అంటించాలి. అంటించమని అడగవలసింది నేను. కంచే చేను మేయడం గురించి విన్నాను కానీ, కంచె వెళ్లి పశువులను పిలుచుకురావడం ఎక్కడా వినలేదు.

గంగులమ్మ దగ్గరికే వెళ్లాను. రెడ్డెప్పను కూడా రమ్మన్నాను, ఎలాగూ మోసుకుపోయే మాటను సరిగా వినిపోతాడని. బట్టీ అంటించండమ్మా అన్నాను. అక్కడున్నవాళ్లంతా నా ముఖంలోకి చూశారు. గంగులమ్మ కొంగు నడుముకు దోపుకుంది.

"ఇదేందమ్మా ఇది! అంటిస్తే పొగ అని రాస్తావు. అంటించకుంటే దొంగతనంగా ఆపినారని రాస్తావు. రెండిట్లోనూ మేమే దొరికినామా నీకు?"

రెండూ రాస్తానన్నాను. సంచిలోంచి ఒక కొత్త వడపోత కాగితం, ఒక వాడిన కాగితం తీసి పక్కపక్కన పెట్టి చూపించాను. ఈ మసి మీ బట్టీలు చల్లగా ఉన్నప్పుడు పట్టింది, కాబట్టి మీది కాదు అని చెప్పాను. కానీ మీ మసి ఎంతో చూపిస్తేనే ఇది మీది కాదని పైవాళ్లు ఒప్పుకుంటారు. ఏం తేలుతుందో ముందే మాట ఇవ్వలేను. ఎక్కువ తేలితే ఎక్కువనే రాస్తాను.

ఆమె వాడిన కాగితాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. "మా పొగైతే కట్టె వాసన రావల్ల," అని కోడళ్లకు ఇచ్చింది. వాళ్లూ చూశారు. నిజానికి ఆ కాగితానికి ఏ వాసనా ఉండదు. ఆ సంగతి నేను చెప్పలేదు.

అయినా ఆమె ఒప్పుకోలేదు. ఇది నేను పన్నిన వల అని వాళ్ల గ్రూపులో ఆ రోజంతా వాదన నడిచిందని మస్తాన్ చెప్పాడు. మర్నాడు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టిందన్న కబురు వచ్చింది. తూర్పున మబ్బు కనబడింది. పట్టల కింది పచ్చి ఇటుకను ఎంతని కాపాడతారు? పేర్చిన బట్టీ కాలితేనే కదా దాని చోట్లో ఈ ఇటుకను పేర్చేది! నేను వెళ్లేసరికి గంగులమ్మ మంట దారి ముందు నిలబడి ఉంది.

"నిన్ను నమ్మి కాదమ్మా, ఆ మబ్బును సూసి అంటిస్తాండా," అని నా ముఖం మీదే చెప్పి అంటించింది. ఆమె పొగ చూసి పక్క బట్టీ, దాన్ని చూసి ఇంకోటి. సాయంత్రానికి దారి పొడుగునా పొగలు లేచాయి. కాలుష్యం మీద నిఘాకు జీతం తీసుకునే నేను రోడ్డు మీద నిలబడి వాటిని చూసి సంతోషించాను. వాయుగుండం నాలుగు చినుకులు రాల్చి ఉత్తరానికి తరలిపోయింది. గాలి మళ్లీ ఈశాన్యానికి కుదురుకుంది. బట్టీలు చల్లారేదాకా కొలతలు తీశాం.

తేలినదాన్ని క్లుప్తంగా చెబుతాను. బట్టీలు మండిన రోజుల్లో పశువైద్యశాల దగ్గర పొటాషియం, మసి పెరిగిన మాట నిజం. కానీ మొత్తం సూక్ష్మ ధూళిలో అది చిన్న వాటా. బట్టీలే లేని రామకుప్పంలోనూ ధూళి అదే తీరులో పెరిగి, అదే తీరులో తగ్గింది. అన్నిటికన్నా పెద్ద సంగతి, ఎప్పుడు పెరిగినా ముందు రేవు పట్టణంలో పెరిగింది, ఆ తర్వాతే మా దగ్గర. గాలి వచ్చిన దారిని కంప్యూటరులో వెనక్కి నడిపిస్తే అది కోస్తా మీదుగా సముద్రం మీదికి, అక్కడి నుంచి ఉత్తరాన పెద్ద మైదానాల దాకా పోయింది. బొగ్గు పొగా పొలాల పొగా అక్కడ పోగై, సముద్రం దాటి, కోస్తాను తాకి, ఆపైన మదనపల్లె వైపు ఈ మిట్ట ప్రాంతం ఎక్కుతోంది. కోస్తాకు మేం పంపిందేమీ లేదు. కోస్తా పీల్చి వదిలిన ఎంగిలి గాలే మాకు అందుతోంది.

నివేదికలో అన్నీ రాశాను. బట్టీలు ఆపిన సంగతి, నీళ్లు, ముగ్గు, గోనెసంచి. రామకుప్పం కాగితాల్లో ఒకటి రెండు చోట్ల పొటాషియం ఉన్నట్టుండి ఎగిరింది. కారణం, రాగి చేల మీదికి దిగిన ఏనుగులను తోలడానికి రైతులు వేసిన మంటలు, కాల్చిన టపాకాయలు. 'స్థానిక కారణం: ఏనుగులు' అని క్లుప్తంగా రాశాను. జాయింట్ డైరెక్టరు గారు ఫోను చేసి, ఏనుగులు కూడా పొగ వదులుతాయా అని అడిగారు. వివరించాను. తర్వాత మిగతాది చదివారు. మూడో రోజు బట్టీల ముసాయిదాను వెనక్కి తీసుకున్నారు. ఆయన మొండివారే గాని, తూకం ముందు మొండితనం చేసే మనిషి కాదు.

కబురు తెలిసి గంగులమ్మ రాగిసంగటి, వేరుశనగ గింజలతో నూరిన ఊరిబిండి చేసి పెట్టింది. తిన్నాక అసలు పని బయటపెట్టింది. మా బట్టీ పొగ మంచిదని కాగితం రాసివ్వు, పటం కట్టించి గోడకు తగిలిస్తాను అంది. పొగల్లో మంచిది ఉండదని చెప్పాను. బట్టీ పక్కన గుడిసెల్లో దగ్గుతున్న పిల్లలకు ఆ పొగ దూరం నుంచి వచ్చింది కాదు. అది కూడా నివేదికలో ఉంది. ఇంకో వాక్యం కూడా ఉంది. ఎండాకాలం చివర పడమటి గాలి తిరిగాక ఇక్కడి పొగ కోస్తా వైపే పోతుంది, ఆ రోజుల్లో బట్టీలు కాల్చకుండా ఉండటం మంచిది. అది విని ఆమె సంగటి గిన్నె ఎత్తి పక్కన పెట్టేసింది.

"గాలి తిరిగితే నీ మాట గూడా తిరుగుతాదా అమ్మా?"

తిరుగుతుందన్నాను. ఏ ఎండకా గొడుగు పట్టే మనుషులను చాలామందిని చూశానని ఆమె కోడలితో అంది, నాకు వినబడేలాగే. సంగటి మాత్రం ఇంకొంచెం వడ్డించమని ఆ కోడలికే చెప్పింది.

ఎండాకాలం చివర, నేను విరమణ కాగితాలు సర్దుకుంటుండగా గంగులమ్మ ఫోను చేసింది. ఆఖరి బట్టీ పేర్చిందట. కుశల ప్రశ్నలు లేవు.

"గాలి యాడనుంచి వస్తాందో సెప్పమ్మా. తప్పు ఎవురిదో మళ్లా సూసుకుందాం."

పడమటి నుంచి అని చెప్పాను. సరేనని పెట్టేసింది. గాలి దక్షిణం నుంచి మళ్లి, పొగ కోస్తా వైపు పోకుండా ఉండేదాకా ఆగి అప్పుడు అంటించిందని రెడ్డెప్ప నేను అడక్కుండానే చెప్పాడు. ముందు గాలి ఎటు నుంచి వస్తోందో చూసి, ఆ తర్వాతే తప్పు ఎవరిదని అడగాలి. నా ఉద్యోగంలో నా బల్ల మీదికి వచ్చిన ఫైళ్లలో చాలావాటిని ఈ వరుస తిరగేసి రాశారు.